కుడి వింగులోంచి వచ్చిన మాట

నవంబరు నెల చివరి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. ఆ వేళకి గడియారం ఎందుకు చూశావని అడిగితే, అలవాటు అంతే. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పని చేశాను. ఏ పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో రాసి పెట్టుకోకపోతే నాకు అన్నం సయించదు.

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మాది మూడు తరాలుగా చర్చికి వెళ్లే కుటుంబం. చిన్నప్పుడు మాలో ఎవరైనా పెరట్లో దయ్యముందని అంటే, మా నాన్న లాంతరు చేతికిచ్చి చూసి రమ్మని పంపేవాడు. వెళ్లి చూసేవాళ్లం. అరటి ఆకు ఊగుతూ కనిపించేది. అంతే. డెబ్బై రెండేళ్లు వచ్చేదాకా నాకు అరటి ఆకు తప్ప మరేమీ కనిపించలేదు. ఇది కథ కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు అర్థం కానిచోట అర్థం కాలేదనే రాస్తాను.

చోడవరంలో మాకొక చిన్న నాటక సమాజం ఉండేది. ఎవరి పనులు వాళ్లు చేసుకుంటూ ఆదివారం మధ్యాహ్నాలు రిహార్సలుకు చేరేవాళ్లం. దర్శకుడు సత్యానికి మైకుసెట్టు షాపు ఉంది. నూకరాజుది బెల్లం వ్యాపారం. మా తమ్ముడు శామ్యూలు షుగరు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను పెళ్లి చేసుకోలేదు. వాడి దగ్గరే, వాడి భార్య కరుణతో కలిసి ఉంటాను. సమాజంలో నేను ప్రాంప్టరుని. అంటే స్టేజీ పక్క తెరచాటున, వింగులో స్టూలు వేసుకుని కూర్చుని, ఆర్టిస్టు మాట మరిచిపోతే అందించేదాన్ని.

ఒక కల్యాణమండపం వెనక గోదాములో రిహార్సళ్లు జరిగేవి. ముందు నేను కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసేదాన్ని. తరవాత సత్యం హార్మణీ పెట్టె మీద అగరొత్తి వెలిగించేవాడు. దీని మీద మా మధ్య ఎప్పుడూ పేచీ రాలేదు.

ప్రాంప్టింగు గురించి కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. నాకీ పని నేర్పిన పెద్దాయన కొన్ని నియమాలు పెట్టారు. ప్రాంప్టరు వాక్యంలో మొదటి రెండు మాటలే అందించాలి, అదీ గొంతు లేకుండా, ఊపిరితో. ఆర్టిస్టు వింగు వైపు చచ్చినా చూడకూడదు. వింగులోంచి వచ్చిన మాట తప్పో ఒప్పో ఆలోచించకూడదు, అందుకుని అనేయాలి. ఆలోచిస్తే ఆగిపోతాడు, ఆగితే నాటకం పోతుంది.

వీటికి నేను ఒకటి కలుపుకున్నాను. మాట అందించే ముందు స్క్రిప్టు అట్ట మీద బొటనవేలి గోరుతో రెండుసార్లు తడతాను. టక్, టక్. ముందు వరసలో వాళ్లకు కూడా వినపడదు. మా ఆర్టిస్టులకు మాత్రం అది వినగానే చెవి తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్లుగా వాళ్లను అలా అలవాటు చేశాను.

ఆ ఏడాది సత్యం సైకలాజికల్ థ్రిల్లరు వేద్దామన్నాడు. తనే రాశాడు. పేరు ‘లోపలి గది’. రాఘవ అనే ఒక పెద్దాయన ఇంటికి బావమరిది గోపాలం వస్తాడు, చెల్లెల్ని చూడాలంటాడు. ఆవిడ లోపలి గదిలో నిద్రపోతోంది, లేపొద్దు అంటాడు రాఘవ. మధ్యమధ్య లోపలికి మాట్లాడతాడు, జవాబు వచ్చినట్టు తలాడిస్తాడు. నాటకమంతా అదే. చివరికి తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండరు. “లోపల ఎవరూ లేరు బావా. ఇన్నాళ్లూ మాట్లాడింది నేనే” అన్న మాటతో తెర పడుతుంది.

రాఘవ వేషం శామ్యూలుది. గోపాలం నూకరాజు. నాటకం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా శామ్యూలు స్టేజీ మీదే ఉండాలి.

అక్కడే వచ్చింది చిక్కు. ఏడాది నుంచి వాడికి మాటలు జారిపోతున్నాయి. అన్నం తింటూ ఉప్పు అడగబోయి “అది… ఆ తెల్లది” అని చూపించేవాడు. విశాఖలో డాక్టరుకు చూపించాం. మెదడులో సన్న రక్తనాళాలు పాడవుతున్నాయి, మెల్లగా పెరిగేదే తప్ప తగ్గేది కాదు అన్నాడు. నాటకాలు మానిపించొద్దు, మెదడుకు పని ఉండటం మంచిదే అని కూడా అన్నాడు.

శామ్యూలుకు అంతా తెలుసు. బస్సులో తిరిగి వస్తూ, సబ్బవరం దాటాక నాతో అన్నాడు.

“అక్కా, ఈ ఒక్క నాటకం ఆడీసి మానేస్తాను. పదిమందిలో నోరు తెరిచి నిలబడిపోకుండా చూడు. అదొక్కటే నాకు కావాలి. నువ్వు అందించు.”

“అందిస్తాను, నువ్వు చెవి పెట్టు చాలు” అన్నాను.

నలభై ఏళ్లు స్టేజీ ఎక్కినవాడు. వాడికి ఆస్తిపాస్తులు లేవు, పిల్లలు లేరు. శామ్యూలు గారు డైలాగు మరిచిపోరు అన్న పేరు ఒక్కటే ఉంది. దాన్ని కాపాడి వాడిని స్టేజీ దింపేయాలని ఇద్దరం ఒప్పందం చేసుకున్నట్టు అయింది.

ఇక ఆ ఆదివారం సంగతి. రెండో దృశ్యం నడుస్తోంది. శామ్యూలు ఒకచోట ఆగాడు. ముఖంలో వెలుగు పోవడం నాకు కనిపించింది. అందిద్దామని చూస్తే స్క్రిప్టులో రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. నూకరాజు బెల్లం చేతులతో తిరగేసిన గుర్తు. గోరుతో విడదీస్తున్నాను. ఇంతలో వాడు మాట అందుకున్నాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

జ్ఞాపకం వచ్చిందనుకుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. గడియారం చూసింది అప్పుడే.

రిహార్సలయ్యాక టీ తాగుతూ శామ్యూలు అన్నాడు, “ఇవాళ భలేగా అందించేవక్కా. రెండు దెబ్బలూ ఖణీమని వినిపించేయి.”

“నేనెక్కడ కొట్టేనురా? నా చేతులు కాగితాల్లో ఉన్నాయి.”

“ఒసే అక్కా, నువ్వు కూడా మర్చిపోతన్నావే. ఇంక మనిద్దరికీ కలిపి ఒక ప్రాంప్టరుని పెట్టాలి.”

నూకరాజు గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “మీ అక్కాతమ్ముళ్లకి అందించడానికి నాను సాలనేటండి? కాపోతే నాకు సదువు రాదు, అంతే.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తరవాతి ఆదివారం గమనించాను. మాట ఆగినప్పుడు శామ్యూలు తల కుడివైపుకు కొంచెం వంచుతున్నాడు. నేను కూర్చునేది ఎడమ వింగులో. కుడివైపు వింగే లేదు. గోడ ఉంది, గోడకు ఆనించి మనిషెత్తు దాటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, వాటి ముందు బోర్లించిన వంట గుండిగలున్నాయి. తలుపు లేదు, కిటికీ లేదు. గోడ అవతల ఖాళీ స్థలం, అందులో తుమ్మపొదలు. ఆ రోజే వెళ్లి చుట్టూ తిరిగి చూసి వచ్చాను.

ఇంటికి వచ్చాక అడిగాను, కుడివైపుకు చెవి పెడుతున్నావెందుకని.

“నువ్వటేపు కూర్సుంటన్నావు కదా.”

“నేనెప్పుడూ ఎడమ పక్కనే కదరా కూర్చునేది.”

“నాకేటి తెలుస్తాది? చూడకూడదని నువ్వే కదేటి చెప్పేవు. మాటెటునుంచొస్తే చెవటు పెడతాను.”

జబ్బు వల్ల దిక్కు తెలియడం లేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక.

పరీక్ష పెట్టాలనుకున్నాను. క్రిస్మసుకు ముందరి ఆదివారం స్క్రిప్టు మూసి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి, పెదవి కదపకుండా కూర్చున్నాను. శామ్యూలు పలుమార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ తల కుడివైపుకు వంగింది. ప్రతిసారీ సరైన మాటే వచ్చింది. నాటకం మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడిచింది. సత్యం చప్పట్లు కొట్టాడు. ఇంటి దగ్గర కరుణ నా చేతులు పట్టుకుని “అంతా మీ చలవే వదినా, మీరు లేకపోతే ఈయనేటైపోదురు” అంది.

వాడు ఎంతో కాలం తరవాత కడుపునిండా అన్నం తిని, పాట తీస్తున్నాడు. ఎవరు అందిస్తేనేం, మాట అందుతోంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

జనవరిలో అది ఇంట్లోకి వచ్చింది.

ఒకరోజు భోజనాల దగ్గర కరుణ “ఇంకొంచెం పప్పెయ్యనా?” అంది. శామ్యూలు తల పైకెత్తి, కుడివైపుకు వంచి, కొంచెంసేపు ఆగాడు. అప్పుడు “చాలు” అన్నాడు. డైలాగు అందుకున్న తీరు అది. ఆ తీరు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తరవాత ఎవరు పలకరించినా అంతే. వీధిలో ఎవరో “బాగున్నారా బాబూ” అంటే తల వంచి, విని, బాగున్నానన్నాడు. కరుణకు ఇది కనపడలేదు. మాటలు తడబడకుండా వస్తున్నాయని సంతోషించింది. మునుపటి కన్నా శుభ్రంగానే మాట్లాడుతున్నాడు. ఆ మాటలు వాడివేనా అన్నదే నా భయం.

ఒక ఆదివారం మధ్యాహ్నం కుళాయి దగ్గర బియ్యం కడుగుతూ నిశ్చయించుకున్నాను. ఇంక చాలు, మానిపించేయాలి. ఎలా చెప్పాలో మనసులోనే మాటలు కూర్చుకున్నాను. “ఇంక నీ వల్ల కాదు శామీ. ఈ వేషం వేరేవాళ్లకిచ్చెయ్.” కటువుగా ఉంది, మెత్తగా మార్చుకోవాలి అనుకున్నాను. పైకి ఒక్క మాట అనలేదు. పక్కన ఎవరూ లేరు. కుళాయి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం రిహార్సల్లో రాఘవ, గోపాలానికి కాఫీ ఇచ్చే చోట శామ్యూలు ఆగాడు. నేను గోరు ఎత్తేలోపే తల కుడివైపుకు వంచాడు. విన్నాడు. నూకరాజు వైపు తిరిగి, కప్పు అందిస్తూ అన్నాడు.

“ఇంక నీ వల్ల కాదు శామీ. ఈ వేషం వేరేవాళ్లకిచ్చెయ్.”

నూకరాజు కప్పు పట్టుకుని తెల్లబోయాడు. “శామీ ఏటి బాబూ? నాను గోపాలాన్ని కదా! టీచరమ్మా, నాకు సెప్పకుండా డైలాగు మార్సీసేరేటి? నన్నీ యేసంలోంచి తీసెయ్యడానికేటి?”

అందరూ గొల్లుమన్నారు. శామ్యూలు నవ్వలేదు. నలభై ఏళ్లలో మొదటిసారి వింగు వైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. స్టూలు మీద నన్ను చూశాడు. తరవాత మెల్లగా కుడివైపు చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

“అక్కా,” అన్నాడు. “నువ్వక్కడున్నావేటి?”

చేత్తో కుడివైపు గోడను చూపించాడు.

“మరిటేపు ఎవరున్నారు?”

సత్యం కుర్చీలన్నీ తీయించాడు. గుండిగలు ఒక్కొక్కటీ ఎత్తించాడు. వెనక సున్నం పెచ్చులూడిన గోడ. ఒక సాలెగూడు. ఎలుక పెంటికలు. నూకరాజు గోడ మీద అరచేత్తో కొట్టి చూశాడు. గట్టి గోడే.

ఇంటికి వచ్చాక శామ్యూలు నా గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. “ఆ మాట నువ్వన్నావా?” అని అడిగాడు. వాడికి అబద్ధం చెప్పలేదు ఎప్పుడూ. మనసులో అనుకున్నాను, పైకి అనలేదు అన్నాను.

“నీ గొంతే అక్కా. నువ్వు రెండు మాటలందించి మూడో మాట మింగేస్తావు సూడు, అది కూడా అలాగే.”

“అయితే మానేద్దాం శామీ.”

వాడు తల వంచలేదు, ఎవరి మాటా వినలేదు. ఇది వాడి సొంత మాటే. అందుకే ఇంత బాగా గుర్తుంది.

“మానను. మానేస్తే ఇప్పుడే నోరు పడిపోతాది నాకు. ఎవరందిస్తే ఏటి? ఈ ఒక్క నాటకం దాటించీమను.”

ఆ తరవాతి వారం నేను ఒక ఉపాయం చేశాను. కుడివైపు నేనే కూర్చుంటే ఇంకొకరికి చోటు ఉండదు కదా అని. స్టూలు, స్క్రిప్టుకు ఇదివరకున్న పాత అట్ట ఎడమవైపే వదిలేసి, కొత్త అట్ట వేసిన స్క్రిప్టు తీసుకుని గోడ పక్కన కుర్చీ వేసుకున్నాను. నూకరాజు “టీచరమ్మ పార్టీ మార్సీసేరు” అని వేళాకోళం చేశాడు. కానీ ఆ గోడ వైపు మాత్రం వీపు పెట్టలేదు.

బయట చెరుకు ట్రాక్టర్లు వెళుతున్నాయి. గోదాము తలుపులు తెరిచే ఉన్నాయి. ఎండ స్టేజీ మధ్యదాకా పడుతోంది. ఇదంతా పట్టపగలు జరిగిందని గమనించాలి.

మూడో దృశ్యంలో శామ్యూలు ఆగాడు. నేను గోరు ఎత్తాను. అట్టకు ఇంకా తగలలేదు.

అటువైపు నుంచి, ఎడమవైపు నుంచి, టక్, టక్ మంది.

వెంటనే ఊపిరి. “నేను తలుపు…” అని రెండు మాటలు. మూడోది మింగేసినట్టు.

రికార్డులో మన గొంతు వింటే మనది కాదనిపిస్తుంది. ఇది అలా లేదు. ఇది నాదే. లోపలినుంచి నాకు వినపడే నా గొంతు బయట వినపడింది. శామ్యూలు ఎడమవైపుకు తల వంచి “నేను తలుపు తీయను గోపాలం” అని అందుకున్నాడు. నేను స్టూలు వైపు చూశాను. స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద పాత అట్ట ఉంది. ఎండలో దుమ్ము కదులుతోంది.

భయమంటే గుండె దడ అనుకునేదాన్ని. కాదు. నోరు తెరిస్తే ఎవరి మాట వస్తుందో అని నోరు గట్టిగా మూసుకుని కూర్చోవడం.

తరవాత సత్యాన్ని విడిగా అడిగాను. “రెండు దెబ్బలూ విన్నానండి. మీరే కొట్టేరనుకున్నాను. ఎటునుంచని చూడలేదు” అన్నాడు. మాటలు మాత్రం వినలేదన్నాడు. ఎలుకలు అనుకుందామా అంటే ఎలుకలు లెక్కగా రెండుసార్లు కొట్టి ఊరుకోవు. నా చెవులకే తేడా వచ్చిందేమోనని విశాఖలో పరీక్ష చేయించుకున్నాను. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయన్నారు. మా పాస్టరు గారిని అడిగాను. ఆయన ప్రార్థన చేశారు, ఏమీ వివరించలేదు. వివరించనందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఫిబ్రవరిలో అనకాపల్లిలో పోటీలు. మాది మొదటి నాటకం, సాయంత్రం ఆరింటికి. కరుణ ముందు వరసలో కూర్చుంది. నేను ఎడమ వింగులో ఉన్నాను. కుడి వింగులో సత్యాన్ని నిలబెట్టాను, కదలొద్దని చెప్పాను. రెండు వైపులా మనుషులున్నాం. ఇంక ఎటునుంచి వస్తుంది అనుకున్నాను.

శామ్యూలు ఎక్కడా ఆగలేదు. తల ఒక్కసారి కూడా వంచలేదు. మాటలన్నీ వాడే, వాడి గొంతులోనే, పాత రోజుల్లోలా అన్నాడు. వింగులో నా కళ్లు చెమర్చాయి. ఇంకొక్క వాక్యం ఉంది. అది దాటితే ఒడ్డున పడ్డట్టే.

లోపలి గది తలుపు తీశాడు. అది అట్టముక్కల గోడకు బిగించిన తలుపు. దాని వెనక నల్ల తెర తప్ప ఏమీ లేదు. తలుపు తీసి, ఆ చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడు.

మాట రాలేదు.

నేను రెండు దెబ్బలు కొట్టి “లోపల ఎవరూ…” అందించాను. కదల్లేదు. మళ్లీ కొట్టి, మళ్లీ అందించాను. మూడోసారి ముందు వరసకు వినపడేంతగా అన్నాను. కరుణ తలెత్తి నా వైపు చూసింది.

శామ్యూలు నా వైపు చెవి పెట్టలేదు. కుడివైపుకూ పెట్టలేదు. తల ముందుకు వంచి, ఆ తలుపులోకి చెవి పెట్టాడు. విన్నాడు. చాలాసేపు విన్నాడు.

తరవాత నూకరాజు వైపు తిరిగి, మెల్లగా, చంటిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు అన్నాడు.

“అక్క లోపలుంది. లేపకండి.”

లోపలికి వెళ్లి తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు.

నూకరాజు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అది నటన అనుకున్నారు. తెర పడింది. చప్పట్లు ఆగలేదు. శామ్యూలుకు ఉత్తమ నటుడి షీల్డు ఇచ్చారు. ముగింపు మార్చి మంచి పని చేశారని ఒక న్యాయనిర్ణేత సత్యం భుజం తట్టాడు.

నేను తలుపు వెనక్కి పరిగెత్తాను. నల్ల తెర ముందు వాడు మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. తల కుడివైపుకు వంగి ఉంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. “శామీ” అని భుజం మీద చెయ్యి వేశాను. వెనక్కి చూడకుండా అరచెయ్యి ఎత్తాడు. ఆగు, వింటున్నాను, అన్నట్టు.

ఆ రోజు నుంచి వాడు మాట్లాడలేదు.

విశాఖలో మళ్లీ స్కానులు తీశారు. జబ్బు ముదిరిందన్నారు, మాట పోవడం ఇందులో ఉన్నదే అన్నారు. ఒప్పుకుంటాను. డాక్టరు చెప్పింది తప్పని నేను అనడం లేదు. కుళాయి దగ్గర నేను మనసులో అనుకున్న మాట వాడి నోట్లోకి ఎలా వచ్చిందో ఆ స్కానులో లేదు, అంతే. ఆనాటి చివరి దృశ్యం కరుణ ఫోనులో తీసింది. చప్పుడు బాగా పెంచి ఒక్కసారి విన్నాను. నేను మూడుసార్లు కొట్టినవీ, మూడుసార్లు అందించినవీ ఉన్నాయి. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మళ్లీ టక్, టక్. నాలుగోసారి నేను కొట్టలేదు. తలుపు గడియ అయి ఉంటుందంటాడు సత్యం. అయి ఉండవచ్చు. ఆ తలుపుకు గడియ పెట్టినట్టు నాకు గుర్తు లేదు.

వాడు తింటాడు, స్నానం చేస్తాడు, అరుగు మీద కుర్చీలో కూర్చుంటాడు. తల కుడివైపుకు వంచి ఉంటుంది. ఒక్కోసారి నవ్వుతాడు. ఒక్కోసారి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నేను ఎడమవైపు కూర్చుని కీర్తన చదివితే అరచెయ్యి ఎత్తుతాడు. కుడివైపు కూర్చున్నాను, అప్పుడు తల ఎడమవైపుకు తిప్పుకున్నాడు. బొటనవేలి గోరు మొదలంటా కత్తిరించుకుంటున్నాను. ఇంట్లో గుసగుసగా మాట్లాడటం మానేశాను.

అయినా ఇది రాయడానికి కారణం వేరే ఉంది. మొన్న గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడికకు చర్చికి వెళ్లి వచ్చాను. గేటు తీస్తుంటే కరుణ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో గరిటె ఉంది. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

“వదినా, మీరిటునుంచొస్తన్నారేటి?”

“చర్చినుంచి వస్తున్నాను కదా.”

“ఇప్పటిదాకా మీరు ఆయన గదిలో మాట్లాడతన్నారు కదా. మెల్లగా ఏటో చెప్తన్నారు. మిమ్మల్ని కదపడమెందుకని నేను రాలేదు.”

ఇద్దరం గదిలోకి వెళ్లాం. శామ్యూలు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. మేం రావడం చూసి అరచెయ్యి ఎత్తాడు.

అది నా గొంతుతో వాడికి ఏం చెబుతోందో తెలియదు. నేను అనుకుని పైకి అనని మాటలు డెబ్బై రెండేళ్లవి ఉన్నాయి. అందులో మంచివీ ఉన్నాయి, వాడు వినకూడనివీ ఉన్నాయి. ఏవి అందిస్తోందో నాకు తెలియదు. ఇదేమిటో ఇప్పటికీ తేల్చలేకపోయాను. తేలుతుందన్న ఆశ కూడా లేదు.

పోయినవి రాసి ముగిస్తాను.

నాటక సమాజం. సత్యం ఆ తరవాత దాన్ని మూసేశాడు.

శామ్యూలు మాట.

కరుణను పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క మగగొంతు.

నా గొంతు నాదొక్కదానిదే అన్న నమ్మకం.

నా తమ్ముడు నా వైపు పెట్టే చెవి.